ఒకే కడ్డీకి రెండు పేజీలు

పైన బరువు వేలాడుతున్న చోట నేను కిందినుంచి నడవను. శామీర్‌పేట రోడ్డు పొడవునా ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి కాబట్టి నా పొద్దుటి నడక ఎప్పుడూ తిన్నగా సాగదు. ఇటు ఇనుప దూలమేదో పైకి వెళుతుంటే అటు దాటుతాను, అటు ఇంకేదో ఊగుతుంటే మళ్ళీ ఇటు వస్తాను. నాతో నడిచే మిత్రులు మొదట్లో ఆ అడుగులు చూసి నా రాత్రుళ్లను అనుమానించారు. నిజానికి అనుమానించాల్సింది నా ఉద్యోగాన్ని. ఈ భయం నాకు పుట్టుకతో రాలేదు, ఒక సాఫ్ట్‌వేర్‌తో వచ్చింది.

మేడ్చల్ పారిశ్రామికవాడలో ఒక కంపెనీలో నేను చాలా ఏళ్ళు ప్రొడక్షన్ ప్లానింగ్ చూశాను. మేం చైన్ బ్లాకులు తయారుచేసేవాళ్ళం. గొలుసు లాగుతుంటే బరువును మెల్లగా పైకెత్తే పరికరం అది. ఒక్క మనిషి నిలబడి మోటారు ఇంజన్ను ఎత్తేస్తాడు. ఎత్తిన ఆ బరువంతా చివరికి వచ్చి ఆగేది కొక్కేన్ని పట్టి ఉంచే ఒక్క పిన్ను మీద. బొటనవేలి కంటే కాస్త లావు, అరచేతంత పొడుగు. కింద నిలబడ్డ మనిషికి ఆ పిన్ను కనబడదు. కనబడాల్సిన అవసరం రాకూడదు కూడా.

తొంభైల మొదట్లో నేను చేరేనాటికే స్టోర్స్ అంతా ఒక్క మనిషి చేతిలో ఉండేది. ఆయన దేవరయాంజాల్ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. నాకంటే బాగా పెద్ద. అందరికీ పెద్దాయనే. షెడ్డులో రెండంటే రెండు లేతు మిషన్లు ఉన్న రోజుల్లో చేరి, స్టాక్ రిజిస్టర్లన్నీ తెలుగులో తనే రాసుకుంటూ వచ్చాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు, నాకు ఆయన చేతిరాత రాదు. ఇద్దరం ఒకరి ముందు ఒకరం నిరక్షరాస్యులమే గానీ కుర్చీ మాత్రం నాకే వేశారు. గుంటూరు వైపు నుంచి బి.కాం. పట్టా పట్టుకొచ్చినవాణ్ణి. లెక్కలు చదివాను, లోహాలు చదవలేదు.

ఆయనకొక పద్ధతి ఉండేది. ఉక్కు కడ్డీలు లారీ దిగగానే, ఏ రకానికి ఆ రకం ఒక కొసకు రంగు పూసేవాడు, మామూలు ఇనుమును మాత్రం ఉత్తగా వదిలేవాడు. కడ్డీని రంపం మిషన్ మీద కోసేటప్పుడు రంగు లేని కొస నుంచే కొయ్యాలి. ఆఖరి ముక్క, రంగున్నదైనా ఉత్తదైనా, తిరిగి స్టోర్‌కు రావాలి. దాన్ని తోక అనేవాడు.

"తోక తెచ్చినోనికే ఇంకో రాడు ఇస్త. తోక లేదా, నీ మొఖం నాకు చూపెట్టకు" అని రంపం నడిపేవాళ్ళను కౌంటర్ దగ్గరే నిలబెట్టేవాడు.

నాకిదంతా పాతకాలపు చాదస్తంగా కనిపించేది. తోకలు దాచుకునే మనిషిని చూసి నవ్వుకున్నాను కూడా. తలకాయ ఉన్నవాణ్ణి నేనే అనుకునేవాణ్ణి.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ కుప్పకూలుతాయని భయపెట్టారు కదా. కూలకుండా ఆ గండం గడిచేసరికి మా యజమానికి కంప్యూటర్ల మీద ఎక్కడలేని నమ్మకం పుట్టింది. ఆయన మేడ్చల్ మనిషే. తండ్రి పొలంలో షెడ్డు వేసి కంపెనీ పెట్టినవాడు. మేమంతా పెద్దసారు అనేవాళ్ళం. కొనుగోలు నుంచి డిస్పాచ్ దాకా అన్నీ ఒకే సాఫ్ట్‌వేర్‌లోకి రావాలన్నాడు. సిటీ నుంచి ఒక కన్సల్టెంటు వచ్చాడు. టై కట్టుకుని, మర్యాదగా, తొందరగా మాట్లాడే మనిషి. నన్ను 'కోర్ యూజర్' అన్నాడు. నేను కోరి అయింది కాదు గానీ, ఆ బ్యాడ్జీ మెళ్ళో పడగానే నడకలో తేడా వచ్చిందని మా ఆవిడ కనిపెట్టింది.

నాకప్పగించిన పని డేటా శుద్ధి. కంపెనీలో ఉన్న ప్రతి వస్తువుకూ ఒక కోడ్ ఇవ్వాలి. ఒకే వస్తువు రెండు పేర్లతో ఉంటే ఒకటి కొట్టెయ్యాలి. పెద్దాయన రిజిస్టర్లు ముందేసుకుని, చదవగలిగిన వాళ్ళ చేత చదివించుకుంటూ మూడు వారాలు శుద్ధి చేశాను. ఎన్ని కొట్టేస్తే అంత ఘనత. సాయంత్రం కాగానే కన్సల్టెంటు "ఈరోజు ఎన్ని డూప్లికేట్లు సార్?" అని అడిగేవాడు. పెద్ద సంఖ్య చెప్పాలని మధ్యాహ్నం నుంచే నాకు తాపత్రయం.

అలాంటి ఒక మధ్యాహ్నం 'రౌండ్ బార్ 32' అన్న శీర్షిక కింద ఒక పేజీ కనిపించింది. ఇంకొన్ని పేజీలు తిప్పితే అదే శీర్షిక, అదే సైజు, మరో పేజీ. తేడా ఒక్కటే. రెండో పేజీ పైమూలన ఒక పసుపు చుక్క ఉంది. దసరాకు ఆయుధపూజ రోజున మా కంపెనీలో లేతు మిషన్ నుంచి స్టాప్లర్ దాకా బొట్టు పెట్టించుకోని వస్తువుండదు. ఆ రిజిస్టర్ల అట్టల నిండా, అంచుల నిండా పసుపు మరకలే. పూజలో ఎవరి వేలో లోపలి పేజీకి తగిలిందనుకున్నాను. రెండు పేజీలనూ కలిపేసి ఒకే కోడ్ ఇచ్చాను. ఆ రోజు సంఖ్య బాగా వచ్చింది.

డ్రాయింగుల్లో ఉక్కు రకం రాసే ఉండేది. కానీ డ్రాయింగును డిజైన్ గదిలో చూసేవాళ్ళు, కడ్డీని స్టోర్‌లో చూసేవాళ్ళు. రెంటినీ కలిపి చూసే మనిషి కంపెనీ మొత్తానికి ఒక్కడే. ఆయన్ను మేం ఏ మీటింగుకూ పిలవలేదు.

పిలవకపోయినా రెండుసార్లు తలుపు దగ్గరికి వచ్చాడు. లోపలికి రాకుండా గడప మీదే నిలబడి, "సారూ, గా బుక్కులు మీకు సమజైతున్నయా?" అన్నాడు.

"అవుతున్నాయి పెద్దాయనా."

"నా రాత నాకే జరసేపైతే గాని సమజ్ గాదు. మీకెట్లయితాంది? ఒక్క పూట కూసొని అన్నీ చెప్తా, నన్ను గూడ అడుగుండ్రి."

కన్సల్టెంటు నా వైపు వంగి, "ఆయన్ను ట్రైనింగ్ టైములో చూసుకుందాం సార్. ఈ స్టేజీలో ఎక్స్‌పర్ట్స్ చాలు" అన్నాడు. ఎక్స్‌పర్ట్ అన్న మాటకు నా వెన్ను దానంతటదే నిటారుగా అయింది. అంతా మొదలయ్యాక తీరిగ్గా కూర్చుందామని పెద్దాయనకు చెప్పాను. ఆయన నా ముందున్న రిజిస్టర్ల వంక, ఎవరింట్లోనో వదిలివెళ్ళే పిల్లల్ని చూసినట్టు చూసి వెళ్ళిపోయాడు.

మొదలైన రోజున పెద్దసారు కొబ్బరికాయ కొట్టాడు. కంప్యూటర్‌కు బొట్టు పెట్టారు. వాళ్ళు దాన్ని 'గో లైవ్' అన్నారు, షాపులో మావాళ్ళు వారం తిరక్కుండా 'గోల లైవ్' చేశారు. ఇంక ఎవరూ పాత పుస్తకాల్లో రాయకూడదని రిజిస్టర్లన్నీ ఇనుప బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నాకిచ్చారు.

పాత చీటీ మీద కడ్డీ దేనికోసమో రాసి ఉండేది. కొత్త చీటీ కంప్యూటర్‌లోంచి వచ్చేది. దాని మీద కోడ్, ఎన్ని కావాలి, ఏ ర్యాకులోంచి తియ్యాలి, అంతే. రెండో రోజే పెద్దాయన ఆ చీటీ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. కన్సల్టెంటు నా పక్కనే ఉన్నాడు.

"సారూ, గిండ్ల ముప్పై రెండు రాడు అనే ఉన్నది. ఏది ఇయ్యాలె? పసుపుదా, ఉత్తదా?"

రంగులు ఉక్కు రకాన్ని బట్టి అని నాకప్పటికి తెలియదు, ఒక్కో సప్లయరుది ఒక్కో రంగేమో అనుకున్నాను. అడిగితే సరిపోయేది. "కోడ్ ఒకటే కదా పెద్దాయనా" అన్నాను.

"కోడు ఒకటే సారూ. రాడ్లు రెండు గద."

కన్సల్టెంటు నవ్వుతూ కలగజేసుకున్నాడు. "కోడ్ ఒకటంటే మెటీరియల్ ఒకటేనండీ. ముందొచ్చింది ముందివ్వాలి. స్క్రీన్ ఏ ర్యాకు చూపిస్తే ఆ ర్యాకు. మీరు ఆలోచించక్కర్లేదు, అది ఆలోచిస్తుంది."

పెద్దాయన నా మొహం చూశాడు. నేను, "చెప్పినట్టు చెయ్యి పెద్దాయనా, నెల తిరిగేసరికి అంతా సర్దుకుంటుంది" అన్నాను.

"సరే. మీ మిషన్ చెప్తాంది, నేను ఇస్తున్న. నాకైతే ఎందుకో మంచిగ అనిపిస్తలేదు."

నెల తిరిగింది. నిజంగానే అంతా సర్దుకుంది. కంప్యూటర్‌లో ఉన్న కడ్డీలు, ర్యాకులో ఉన్న కడ్డీలు సరిగ్గా సరిపోయాయి. స్క్రీన్ మీద అన్ని గళ్ళూ ఆకుపచ్చగా ఉన్నాయి. మా కంపెనీలో అంతకుముందు ఏనాడూ ఏదీ దేనికీ సరిపోలేదు. ఆ సరిపోవడాన్ని చూసే నేను భయపడాల్సింది. నేను మాత్రం గళ్ళన్నీ కాగితం మీద ముద్రించి గోడకు అంటించాను. పెద్దాయన ఆ గోడ ముందునుంచి రోజూ నడిచి వెళ్ళేవాడు. ఒక్కసారీ తలెత్తలేదు. ఆ నెలలో ఆయన నాతో ఎక్కువ మాట్లాడలేదు. తోకలు మాత్రం అడిగి మరీ తెప్పించుకుంటున్నాడని, వాటి మీద సుద్దముక్కతో ఏదో రాస్తున్నాడని రంపం మిషన్ దగ్గర నవ్వుకుంటుంటే విన్నాను.

అలా ఉండగా ఒకరోజు అన్నం వేళ దాటిన కాసేపటికి టెస్టింగ్ షెడ్డు నుంచి శబ్దం వచ్చింది. హైవే మీద లారీ టైరు పేలిందనుకున్నాం. కానీ ఆ తర్వాత మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోవడం మొదలుపెట్టాయి. ఎవరూ ఆపమనకుండానే.

బయటికి పంపేముందు ఒక్కో ట్రే పిన్నుల్లోంచి ఒకదాన్ని చైన్ బ్లాకులో పెట్టి, మామూలు కంటే ఎక్కువ బరువు తగిలించి చూస్తాం. ఆ బరువు ఇప్పుడు ఇసుక గుంటలో మూడొంతులు దిగబడి ఉంది. దాని పక్కన టెస్టింగ్ చేసే మనిషి గోడకు ఆనుకుని, నోరు తెరిచి నిలబడి ఉన్నాడు. తంబాకు ఉమ్మడానికి రెండడుగులు పక్కకు వెళ్ళాడట. ఇసుకలో ఆయన చెప్పుల ముద్రలు బరువు కిందికి వెళ్ళి ఆగిపోయి ఉన్నాయి. ఒక ముద్ర సగమే కనబడుతోంది.

పెద్దసారు వచ్చి, తెగిన పిన్ను ముక్కను ఎత్తి వెలుతురులో తిప్పి చూశాడు. ఆకురాయి తెప్పించి రుద్దాడు. గట్టిపరిచిన మంచి ఉక్కు మీద ఆకురాయి జారిపోతుంది. ఇది వెన్నలా తెగింది.

"గిది మన పిన్ను స్టీల్ గాదు. కిటికీ చువ్వలకేసే ఇనుము. ఎవడిచ్చిండు?"

"నేనే ఇచ్చిన సారు" అన్నాడు పెద్దాయన.

"ఇన్నేండ్ల సంది ఇస్తున్నవ్, రాడుకు రాడుకు ఫరక్ తెల్వదా నీకు?"

"తెలుసు సారు. చీటీల ఉన్నదే ఇచ్చిన."

కన్సల్టెంటు ల్యాప్‌టాప్ తెరిచి, "సిస్టమ్ ప్రకారం ఇష్యూ కరెక్టేనండీ. ఫిజికల్‌గానే రాంగ్ వెళ్ళినట్టుంది" అన్నాడు. వెనక ఎవరో గొంతు తగ్గించి, మంచి కడ్డీలు బయట అమ్ముకుని ఉత్తవి పెట్టి ఉంటాడన్నారు. తగ్గించిన గొంతు అందరికీ వినబడింది.

పెద్దసారు పిన్ను ముక్కను పక్కన పెట్టాడు. తర్వాత, "ఇగ ఇంట్ల కూసో. అసలు సంగతి తేలేదాక గేటు లోపలికి రాకు" అన్నాడు.

రిటైర్మెంటుకు నాలుగేళ్ళుంది ఆయనకు. పెద్దాయన బాధంతా ఆ నాలుగేళ్ళ గురించి కాదని చూస్తేనే తెలుస్తోంది. ఆ వెనక గొంతు ఆయన కంటే ముందు దేవరయాంజాల్ చేరుతుంది. రేపు ఊరంతా దొంగ అంటుంది. ఆయన నా వైపు చూశాడు. నేను చేతిలో ఉన్న కాగితం వైపు చూశాను. దాని మీద చదవడానికి ఏమీ లేదు, అది ఖాళీది. ఆయన నడుముకు వేలాడే తాళాల గుత్తి విప్పి నా అరచేతిలో పెట్టి, సైకిల్ తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ గుత్తి ఇంకా వెచ్చగా ఉంది.

సాయంత్రం అందరూ బస్సెక్కుతుంటే నేను ఇనుప బీరువా తెరిచాను. రిజిస్టర్ తీసి 'రౌండ్ బార్ 32' పేజీ తిప్పాను. పసుపు చుక్క మీద వేలు పెట్టి రుద్దాను. పసుపైతే వేలికి అంటాలి. అంటలేదు. గోటితో గీకాను. గట్టిగా, నున్నగా, పెచ్చులా లేచింది. అది పెయింటు. కడ్డీల కొసలకు పూసే పెయింటు.

రిజిస్టర్ మూసేశాను. మేం పరీక్షించేది ట్రేకు ఒక్క పిన్నును మాత్రమే. అది మంచిదైతే మిగతా ట్రే అంతా మంచిదే అనుకుని పంపేస్తాం. నెల రోజుల నుంచి రెండు కడ్డీలూ కలిసి వెళుతున్నాయి. ఎన్ని ఉత్త పిన్నులు గేటు దాటాయి? ఎవరెవరి నెత్తి మీద ఉన్నాయి? అన్నిటికీ జవాబు చెప్పే సాఫ్ట్‌వేర్‌లో ఆ రెండూ ఒకటే వస్తువు. కలిపింది నేను. డేటాను శుద్ధి చేశాననుకున్నాను. శుద్ధ అమాయకుణ్ణని అప్పుడు తెలిసింది.

వెళ్ళి పెద్దసారుకు చెప్పాలి. చెప్పలేదు. బస్సెక్కాను.

పొద్దున్నే స్కూటర్ మీద దేవరయాంజాల్ వెళ్ళాను. పెద్దసారు ముందు చెప్పే ధైర్యం చాలక, ముందు పెద్దాయన దగ్గర ఒకసారి చెప్పి చూద్దామని. వాకిట్లో బియ్యం చెరుగుతున్న ఆయన భార్య నన్ను ఎగాదిగా చూసింది.

"గీయనేనా గా కంప్యూటర్ సారు? తాళాలు నిన్ననే ఇచ్చిండు గద, ఇంకేం గుంజుకపోను వచ్చిండట?"

"ఊకోవే. కుర్సీ ఎయ్యి" అంటూ పెద్దాయన బయటికి వచ్చాడు.

నేను కుర్చీలో కూర్చోలేదు. "ఆ పసుపు చుక్క పూజ బొట్టనుకున్నాను పెద్దాయనా. అందుకే కలిపేశాను" అన్నాను.

ఆయనకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక, కోపం వస్తుందనుకుంటే నవ్వొచ్చింది. "దేవునికి బొట్టు వెడితే అన్ని పేజీలకు వెడ్తం గద సారూ. ఒక్క రాడుకే ఎందుకు వెడ్తం? పెయింట్ డబ్బాల ఏలు ముంచి వెట్టిన. తుడిస్తే పోవద్దని." తర్వాత నవ్వు ఆగింది. "ఎన్ని వొయినయో ఎర్కేనా?"

"తెలియదు. తెలిసే దారి లేదు."

"ఎందుకు లేదు? తోకలున్నయ్ గద. ఏ దినం ఏ తోక వచ్చిందో సుద్దతోటి రాసి గోనెసంచిల ఏసిన. మీ వాళ్ళు సాఫ్‌సఫాయి అన్నరని తుక్కు కుప్ప పొంటి వెట్టిన." అంతలోనే, "ఇయ్యాల ఏం వారం?" అన్నాడు.

"గురువారం."

ఆయన లోపలికి వెళ్ళి అంగీ తొడుక్కుంటూనే బయటికి వచ్చాడు. "నడువుండ్రి సారూ, జల్దీ. తుక్కు లారీ వచ్చే దినం."

నా స్కూటర్‌ను అప్పటిదాకా సైకిళ్ళు కూడా దాటేవి. ఆ రోజు వెనక కూర్చున్న పెద్దాయన, "జరంత మెల్లగ సారూ, నేనన్న మిగలాలె" అన్నాడు. గేటు దగ్గరికి చేరేసరికి లోపల లారీ కనబడుతోంది. ఇద్దరు మనుషులు తుక్కును కిందినుంచి పైకి విసురుతున్నారు. పెద్దసారు కొంచెం దూరంలో నిలబడి టెస్టింగ్ వాళ్ళతో మాట్లాడుతున్నాడు.

వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు. "మీరు పోండ్రి సారు. పెద్దాయనను పంపొద్దని ఆర్డర్ ఉన్నది."

పెద్దాయన వెనక్కి ఒకడుగు వేశాడు. నా తప్పు చెప్పకుండానే లోపలికి పోయి సంచి తెస్తాను, ఎలా దొరికిందో తర్వాత చెప్పొచ్చు అని నాకొక ఆలోచన వచ్చింది. వచ్చిందని ఇక్కడ రాయకపోతే ఈ కథంతా రాసి లాభం లేదు. సంచి ఎక్కడుందో ఆయనకు తెలుసు, నాకు తెలియదు. లోపల విసురుతూనే ఉన్నారు.

"సార్!" అని గేటు ఊచల్లోంచి అరిచాను. "తప్పు నాది."

పెద్దసారు దగ్గరికి వచ్చాడు. "ఏమంటున్నవ్?"

"రెండు కడ్డీలకు ఒకే కోడ్ ఇచ్చింది నేను. ఆయన చెప్తానంటే తర్వాత చూద్దామన్నది నేను. ఏది ఇవ్వాలని అడిగితే చెప్పినట్టు చెయ్యమన్నదీ నేనే."

"మరి నిన్న అందరం నిలవడ్డప్పుడు నోట్ల ఏం వెట్టుకున్నవ్?"

"భయం సార్."

ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. వాచ్‌మన్‌తో, "తెరువు. లారీ ఆపమను" అన్నాడు.

సంచి అప్పటికే లారీలో ఉంది. ఆ వయసులో పెద్దాయన టైరు మీద కాలు పెట్టి పైకెక్కి, తుక్కును రెండు చేతులా తోడాడు. సంచి మూతి విప్పుకుపోయి, కొన్ని తోకలు చెదిరి ఉన్నాయి. అన్నీ ఏరి కిందికి వేశాడు. క్యాంటీన్ గచ్చు మీద రోజువారీగా వరసలు పేర్చాడు. పసుపు కొసవి ఒకవైపు, ఉత్తవి ఇంకోవైపు. నా శుద్ధి చెరిపేసినదాన్ని ఆయన సుద్ద రాసి పెట్టింది. ఉత్త తోకలు తొమ్మిది తేలాయి. ఒక్కో కడ్డీకి ఎన్ని పిన్నులొస్తాయో రంపం మిషన్ మనిషికి నోటికొచ్చు. ఏ రోజు కోసినవి ఏ ట్రేలోకి, ఏ బ్లాకుల్లోకి వెళ్ళాయో వెనక్కి పట్టుకుంటూ వచ్చాం. తొమ్మిదింటిలో ఒక తోక మీద మాత్రం లారీలో రాపిడికి సుద్ద చెరిగిపోయింది. అది ఏ రోజుదో ఎవరమూ చెప్పలేకపోయాం, అందుకే ఆ నెలలో గేటు దాటిన బ్లాకులన్నిటినీ చూడాల్సి వచ్చింది.

ఆ తర్వాతి వారాలు ఆయనా నేనూ ఒక ఆకురాయి, ఒక సంచీ నిండా కొత్త పిన్నులు పట్టుకుని తిరిగాం. శామీర్‌పేటలో కడుతున్న షెడ్లు, దుండిగల్ దగ్గర ఒక కాలేజీ వర్క్‌షాపు, కీసర వైపు బోరుబావుల వాళ్ళు, ఇంకా ఎక్కడెక్కడో. వెళ్ళిన ప్రతిచోటా మేం గేటు దగ్గరనుంచే ముందు పైకి చూసేవాళ్ళం. బ్లాకు దింపించి, పిన్ను తీసి, ఆకురాయి పెట్టేవాడు ఆయన. జారితే "మంచిదే" అనేవాడు. పట్టుకుంటే దాన్ని జేబులో వేసుకునేవాడు. ఆ జేబు సాయంత్రానికి ఒక పక్కకు లాగేది.

చివరికి రెండు తప్ప అన్నీ దొరికాయి. ఆ రెండూ ఒక దుకాణం ద్వారా అమ్ముడుపోయిన బ్లాకుల్లో ఉన్నాయి. కొన్నవాళ్ళెవరో దుకాణదారుకు గుర్తులేదు.

పెద్దసారు ఆయన్ను మళ్ళీ స్టోర్‌లో కూర్చోబెట్టాడు. దొంగ అన్న గొంతు ఏమైందో తెలియదు, అలాంటివాటికి క్షమాపణ చెప్పే అలవాటు ఉండదు. పెద్దాయన ఒక్క షరతు పెట్టాడు. "బుక్కులు బయటికి తియ్యుండ్రి. ఒక్కొక్క పేజీ నేను సదువుతా, సారు రాస్తడు." రెండు నెలలు అలాగే రాశాను. అలా కలిసిపోయిన జతలు ఇంకా దొరికాయి. ప్రతి జత దొరికినప్పుడూ ఆయన, "గిదొకటి" అని నెమ్మదిగా అనేవాడు, నేను రెండో కోడ్ రాసేవాణ్ణి. కన్సల్టెంటు మొదట విసుక్కున్నాడు, తర్వాత ఆసక్తి చూపాడు, చివరికి మా కంపెనీని తన గొప్పగా చెప్పుకున్నాడు. సాఫ్ట్‌వేర్ నిలబడింది. చుట్టుపక్కల కంపెనీల వాళ్ళు వచ్చి, మీ దగ్గర ఎలా సక్సెస్ అయింది, మా దగ్గర ఎందుకు కావడం లేదని అడిగేవారు. నేను యాజమాన్యం మద్దతు, శిక్షణ, క్రమశిక్షణ అంటూ చెప్పేవాణ్ణి.

ఒకసారి వాళ్ళు వెళ్ళాక పెద్దాయన, "మస్తు చెప్పిన్రు సారూ. పసుపు చుక్క ముచ్చట చెప్పలె" అన్నాడు.

"అది చెబితే నన్ను ఉంచుతారా?"

"నన్ను ఉంచిన్రు గద."

ఆ తర్వాత వచ్చినవాళ్ళకు దాన్నే ముందు చెప్పాను. నోరు తిరగడానికి కష్టమైంది గానీ, వాళ్ళు రాసుకున్న మాట అదొక్కటే.

ఇంకొకటి మిగిలింది. దొరకని ఆ రెండు పిన్నులు కంప్యూటర్‌లో 'రావలసినవి' అని ఎర్రగా చూపిస్తూనే ఉండేవి. ఏడాది చివర కన్సల్టెంటు వాటిని కొట్టేద్దామన్నాడు, పెద్దసారు సరేనన్నాడు. మీట నొక్కింది నేనే. పెద్దాయన నా వెనక నిలబడి చూస్తున్నాడు.

"ఇగ మిషన్ల ఎన్ని ఉన్నట్టు?"

"సున్నా."

ఆయన తన పాత రిజిస్టర్ తెరిచి, పసుపు చుక్క లేని ముప్పై రెండు రాడు పేజీలో, ఆఖరి గీత కింద రెండు అని వేశాడు. "గిండ్ల ఉండనియ్యి" అన్నాడు.

ఆ నాలుగేళ్ళూ నిండి రిటైరైన రోజున శాలువా కప్పించుకుని, ఆ రిజిస్టర్‌ను నా చేతిలో పెట్టి వెళ్ళాడు. అది మా ఇంట్లో ఉంది. ఆ రెండును కొట్టేసే రోజు ఇంకా రాలేదు.

నిన్న పొద్దున కూడా శామీర్‌పేట రోడ్డు మీద మూడు కర్రలు ముక్కాలిగా పాతి, ఒక చైన్ బ్లాకుతో మోటారు ఎత్తుతున్నారు. దాని మీద పెచ్చులూడిన ఆకుపచ్చ రంగు మా కంపెనీది. కింద ఇద్దరు కూర్చుని బీడీ ముట్టించుకుంటున్నారు.

"జర ఇటు జరుగు బాబూ" అన్నాను.

వాళ్ళు పైకి చూశారు, నన్ను చూశారు. ఒకడు నవ్వుతూ లేచి పక్కకు వచ్చాడు. ఇంకొకడు, "ఏం గాదు సారూ, రోజూ ఎత్తుతనే ఉన్నం" అని అక్కడే కూర్చున్నాడు.

మోటారు కిందికి దిగేదాకా నేను అక్కడే నిలబడ్డాను.